పావు అంగుళం చోటు

చిలకలూరిపేట,
30 మే 2025, శుక్రవారం.

ప్రియమైన నతానియేలుకు,

గఫూర్ సలాములు. ఇక్కడ నేనూ, జాన్‌బీ, మా అమ్మాయి రిహానా బాగానే ఉన్నాం. పొదిలిలో నువ్వూ, పుల్లమ్మ చెల్లెమ్మా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఫోను చేస్తే నువ్వు ఎత్తవు. ఎత్తకపోవడం న్యాయమే. అందుకని కాగితం పట్టుకున్నాను. మధ్యలో చించెయ్యకుండా చివరిదాకా చదువు.

ఒరేయ్, నీ చెక్క పచ్చిది కాదురా. రుజువైపోయింది.

ఉండు, మొదటి నుంచీ చెప్తాను. ప్రత్తిపాడు చర్చికి మనిద్దరం కలిసి చేసిన, రొట్టె, ద్రాక్షారసం పెట్టే ప్రభువు బల్లని నీకు గుర్తు చెయ్యక్కర్లేదు. టేకు పలకలు పక్కపక్కన అతికించి ముప్పై అంగుళాల వెడల్పు బల్ల నువ్వు చేశావు. అడుగున అడ్డంగా రెండు ఇనప పట్టీలు పెట్టి బోల్టులు నేను బిగించాను. సెప్టెంబరు వానల్లో ఇచ్చాం. తర్వాతి మే నెలలో, పాస్టరు ఆదాం గారు ప్రార్థన చేస్తుండగానే, అది ఠప్పుమని ఈ చివరి నుంచి ఆ చివరికి చీలింది. పచ్చి చెక్క పెట్టి దేవుణ్ణే మోసం చేశాడని సంఘం పెద్దలు నిన్ను అన్నారు. ఆ మాట చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగింది. తలుపు చెయ్యమని పిలిచేవాడు లేక నువ్వు పొదిలి వెళ్ళిపోయావు. అంత పనితనం ఉన్నవాడివి రెడీమేడ్ తలుపుల షాపులో ప్లైవుడ్ మీద మైకా షీట్లు అంటించుకుంటున్నావని విన్నాను.

పోయినేడు మే నెలలో ఆదాం గారు ఫోను చేశారు. వేసవి బైబిలు తరగతుల పిల్లలకి చర్చి వెనక గది కావాలట, ఆ బల్ల అడ్డంగా ఉంది, పట్టుకుపోయి ఇనుము వాడుకోమన్నారు. ట్రాలీ ఆటోలో వేయించుకొచ్చాను. హైవే పక్కనే కదా మన ఇనప పనుల షాపు, పక్కనున్న జిన్నింగు మిల్లు దూది రేగి పడుతుంటే బల్ల తిరగేసి బోల్టులు విప్పాను. చీలికలో పెన్సిలు దూరేటంత సందు ఉంది. ఆఖరి బోల్టు ఊడిపోయాక మోకాలితో ఊరికే అలా నెట్టానంతే. రెండు ముక్కలూ జరిగి ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. సందు మాయమైపోయి వెంట్రుకంత గీత మిగిలింది.

మళ్ళీ పట్టీ పెట్టి చూశాను. ఈ చివర రంధ్రానికి రంధ్రం సరిపోయింది. ఆ చివర మాత్రం పావు అంగుళం తేడా. ఇనుము ఎక్కడికీ పోలేదు, చెక్కే వెడల్పులో తగ్గింది. తగ్గుదామంటే నా బోల్టులు రెండు వైపులా పట్టుకుని వదల్లేదు. పాపం అది మధ్యలో చీలక ఇంకేం చేస్తుంది?

కానీ పెద్దలకి ఈ మాట చెప్తే, పచ్చి చెక్క కాబట్టే తగ్గింది అంటారు కదా. అందుకని రెండు ముక్కలూ దగ్గరకి చేర్చి సైకిల్ ట్యూబులతో కట్టి, షాపు గోడవారగా పెట్టాను. ప్రతి శుక్రవారం నమాజు చేసుకొచ్చి, అన్నానికి వెళ్ళేముందు కొలిచేవాణ్ణి. గోడ మీద గీత గీసేవాణ్ణి. పక్కన తేదీ రిహానా రాసేది. నాన్నకి పిచ్చి పట్టిందని వాళ్ళమ్మతో చెప్పి నవ్వేదట.

ఆగస్టులో వానలు పడ్డాయి, గీత కదిలింది. సెప్టెంబరులో ఇంకాస్త. అక్టోబరుకి బల్ల ముప్పై అంగుళాలకి ముప్పై అంగుళాలూ వచ్చి కూర్చుంది. పట్టీ పెడితే రెండు చివర్లా రంధ్రాలు సరిగ్గా కుదిరాయి. పచ్చిగా ఉన్నప్పుడు బిగించిన చెక్క ఎండాక మళ్ళీ ఆ పాత కొలతకి రాదు. ఇది వచ్చింది. అంటే నువ్వు చేసేనాటికే అది బాగా ఆరిన చెక్క. సంక్రాంతి దాటాక మెల్లగా తగ్గడం మొదలుపెట్టింది. ఇవాళ కొలిచి గీత గీస్తే, పోయిన మే గీత మీదే పడింది. రెండు గీతలు కాదు, ఒకటే గీత. రిహానా నవ్వలేదు. సుద్దముక్క పక్కన పెట్టి, నతానియేలు బాబాయికి ఇప్పుడే రాయి నాన్నా అంది.

ఈలోపు ఇంకో పని కూడా చేసి చూశాను. మిల్లు మేనేజరు చైతన్యకృష్ణ గారు టేకు బల్లకి పట్టీలు వెయ్యమంటే, మధ్య రంధ్రం మాత్రం గుండ్రంగా బిగుతుగా పెట్టి, చెక్కతోపాటు బోల్టు జరిగేలా చివరి రంధ్రాలు ఆకురాయితో అడ్డంగా సాగదీశాను. వెడల్పాటి వాషరు వేసి, బల్లని పట్టి ఉంచేటంత బిగించాను, కదలకుండా నొక్కెయ్యలేదు. వానాకాలం ఆఖర్న వేసింది, ఈ ఎండలన్నీ దాటింది. గోరు దూరేటంత బీట కూడా లేదు.

మొన్న ఆదివారం పట్టీలూ, గోడ మీది కొలతలు ఎక్కించిన కాగితం పట్టుకుని ప్రత్తిపాడు వెళ్ళాను. ఆరాధన అయ్యాక పెద్దలందరికీ చూపించాను. అప్పట్లో నీ మీద అందరికంటే గట్టిగా అరిచిన చెంచయ్య గారు పట్టీ చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. ఏమయ్యా, అయితే ఆ మనిషిని ఉత్తపుణ్యానికి ఊళ్ళోంచి పంపేశామా అన్నారు. ఆ బల్ల మళ్ళీ అతికించేది నువ్వేనని, నిన్ను పిలవడానికి తనే పొదిలి వస్తానని ఆదాం గారు అన్నారు. చెక్క ఇలా పెరిగి తగ్గుతుందని అప్పట్లో మా ఇద్దరికీ తెలియదండీ అని పెద్దలకి చెప్పాను.

రారా. బల్ల నా షాపులోనే ఉంది, ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. వానలు పడక ముందే వస్తే జిగురు త్వరగా ఆరుతుంది. చెల్లెమ్మని కూడా తీసుకురా, జాన్‌బీ అడుగుతోంది.

నీ రాక కోసం రోడ్డు మీద బస్సులు చూస్తూ,
గఫూర్

తా.క. (శనివారం పొద్దున): కవరు అంటించాక మళ్ళీ విప్పాను. పైన ఒక అబద్ధం ఉంది. మా ఇద్దరికీ తెలియదు అని చెప్పానన్నానే, నీకు తెలుసు. బిగించే రోజున, గఫూరూ, చివరి బెజ్జాలు పొడుగ్గా కొయ్యరా, చెక్క పెరుగుద్ది, తగ్గుద్ది అని రెండుసార్లు చెప్పావు. సరేనన్నాను. నువ్వు టీకి వెళ్ళావు. ఆకురాయి పట్టుకుని అరగంట కూర్చోవడానికి బద్ధకించి గుండ్రటి వాటికే బిగించేశాను. వచ్చి అడిగితే, కోశానన్నాను.

చీలిన రోజు పెద్దలు అడిగినప్పుడు, నాకు ఇనుము తెలుసు గానీ చెక్క సంగతి తెలియదండీ అన్నాను. నువ్వు నా మొహం చూసి ఊరుకున్నావు. బల్ల తిరగేసి ఆ బోల్టులు చూపిస్తే అయిపోయేది. నువ్వు తిరగెయ్యలేదు. పోయినేడు నేను కొలవడం మొదలుపెట్టింది కూడా, అది పచ్చి చెక్కే అయితే నా తప్పు తప్పిపోతుందన్న ఆశతోనే.

ఇందాక ప్రత్తిపాడు వెళ్ళి ఆదాం గారికి ఇదంతా చెప్పి వచ్చాను. రేపు ఆదివారం అందరి ముందూ చెప్తానన్నాను. ఆయన నతానియేలుకి ఇదంతా తెలుసా అని అడిగారు. చీలిన రోజు నుంచీ తెలుసండీ అన్నాను. మరి అతను నీ పేరు ఎందుకు చెప్పలేదు అన్నారు. అది నువ్వొచ్చాక నువ్వే చెప్పాలిరా.