పేరు అనే గడి

వేటపాలెం,
12-2-2003

సోషియాలజీ మేడం గారికి నమస్కారాలు.

జీడిపప్పు కంపెనీలో పనిచేసే ఆడవాళ్ల మీద నేను చేసిన సర్వేకి మొదటి బహుమతి ఇచ్చారని తెలిసింది. ఆ బహుమతి నాకు వద్దండి.

మీరిచ్చిన ఫారంలో పేరు అని గడి ఉంది కాబట్టి పన్నెండు మంది పేర్లూ రాశాను. జీడిసొనకి వేళ్లు కాలుతున్నాయని, మంచినీళ్లకి కూడా లేవనివ్వరని ఎవరేం చెప్పారో వాళ్ల పేరు కిందే రాశాను. కాలేజీ వార్షికోత్సవానికి వచ్చిన కంపెనీ యజమానికి మీరది చదవమని ఇచ్చారు. మంచికే ఇచ్చి ఉంటారు. సోమవారం ఆయన గేటు దగ్గర నిలబడి, పదకొండు పేర్లు చదివి, పనిలోకి రావద్దన్నారు.

మిగిలింది మా అమ్మ ఒక్కతే. ఆమె వేళ్లూ అలాగే ఉన్నాయి. కానీ నేనడిగితే, "నాకేం ఇబ్బంది లేదని రాసుకోవే" అంది. అలాగే రాశాను.

పని పోయినవాళ్లలో పక్కింటి జానీబీ పిన్ని ఒకరు. "మా చేత వాగించి మీ అమ్మని దాచుకున్నావు గదే" అంది నాతో.

నిన్న యజమాని అమ్మని పిలిచి, "నీ కూతురు చక్కగా రాసిందమ్మా. వచ్చే ఏడు సర్వేకి కూడా మన దగ్గరికే పంపించు" అన్నారట. అమ్మ సరేనంది. మీరు కూడా సరేనంటారేమోనని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ విద్యార్థిని,
బి.ఏ. రెండో సంవత్సరం