నీళ్లకి తలుపు

మార్చి 29

వచ్చే వారం సరిహద్దు గీత దగ్గరి ఉత్తరపు నీళ్లు వేటకి తెరుస్తారు. మా ఆయన తేషిక్ ఆక్టోపస్‌లు పట్టే తాళ్ల చిక్కులు తీస్తూ కూర్చున్నాడు. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది సగం. హియరింగ్ ఎయిడ్ సొరుగులోనే ఉంది. పెట్టుకుంటే ముసలాడిలా కనిపిస్తాడట. అరవై ఎనిమిదేళ్ల కుర్రాడు!

ఏప్రిల్ 2

కాపలా నౌక కేక వినక గీత దాటితే లైసెన్స్ పోతుంది. అవతలి దేశం సైనికులు పట్టుకుంటే మనిషే పోతాడు. అందుకే ఈసారి నేనూ పడవెక్కుతానన్నాను. నీ గొంతుకి ఆక్టోపస్‌లు కూడా పారిపోతాయే అన్నాడు. రబ్బరు బూట్లు కొనేశాను.

ఏప్రిల్ 4

తెల్లవారుజామునే పడవలన్నీ వరసలో నిలబడ్డాయి. నౌక నుంచి ఒక్కో పడవ పేరూ పిలుస్తారు. కెప్టెన్ చెయ్యెత్తి పలకాలి, ఆ తర్వాతే లోపలికి పరుగు. మా పేరు రాగానే మోచేత్తో పొడిచాను. తానే విన్నట్టు పెద్దగా పలికాడు. పక్క పడవ జిన్‌మో ఒకటే నవ్వు, ఇకనుంచి కెప్టెన్ నువ్వేనా వదినా అని.

తిరిగొచ్చేటప్పుడు మా ఆయన పాత పాఠం మళ్లీ చెప్పాడు. ఇక్కడ కొండలు సముద్రం దాకా వచ్చేశాయి, ఉత్తరానికి ఉన్నది ఒక్క రోడ్డు, దానిమీదికి కాంక్రీటు దిమ్మెలు దొర్లిస్తే చాలు, అవతలి సైన్యం రాలేదు. కొండకి తలుపు పెట్టారు సరే, నీళ్లకి ఎక్కడ పెడతారే, అందుకే మనల్ని లెక్కపెడతారు అన్నాడు. సైన్యమంతా తన చేతిలో ఉన్నట్టు ఆ ముఖం! ముద్దొచ్చాడు.

ఏప్రిల్ 11

ఉన్నట్టుండి పొగమంచు కమ్మింది. అందరూ వెనక్కి రండని మైకులో అరుస్తున్నారు. ఈయన వంగి తాడు లాగుతున్నాడు. నీటి వాలు మమ్మల్ని ఉత్తరానికి ఈడుస్తోంది. భుజం పట్టి కుదిపి, పిలుస్తున్నారండీ అని అరిచాను. ఎవరూ పిలవట్లేదు, ఇంకొక్కటి లాగనీ అన్నాడు. నా మాట కన్నా ఆ పాడు చెవినే నమ్మాడు!

కత్తి తీసి తాడు కోసేశాను. చలికాలమంతా ఆయన కట్టిన తాడు అలాగే మునిగిపోయింది. కోపంగా తిరిగాడు. నేను వణికిపోతున్నాను. నన్ను చూసి చుక్కాని దక్షిణానికి తిప్పాడు.

ఏప్రిల్ 12

కోపం తగ్గలేదు. చేప పులుసుకి మాత్రం గిన్నె రెండుసార్లు ముందుకి జరిపాడు.

ఏప్రిల్ 14

కొత్త తాడు కొందామా అన్నాడు. అలవాటుగా గట్టిగా సరే అన్నాను. ఎందుకే ఆ అరుపు, వినిపిస్తోందిగా అన్నాడు. అప్పుడు చూశాను, సొరుగులోది ఆయన చెవిలో ఉంది. ఏడుపాగలేదు.

ఏప్రిల్ 16

గీతకి ఇవతలే ఇంజన్ ఆపేశాడు. అవతల ఏదో పడవ మోటారు దగ్గుతోందట. నాకేమీ వినిపించలేదు. పాపం, దాన్ని ఎవరూ బాగుచేయించట్లేదే అంటూ అటే చూస్తూ నిలబడ్డాడు.