తాయత్తు నీడ

బుధవారం, ప్రొద్దుటూరు

ఈరోజు మా ఎక్స్‌రే టెక్నీషియన్లకు జరిగిన క్లాసులో సింక్రోట్రాన్‌తో తీసిన ఊపిరితిత్తి బొమ్మ చూపించారు. ఎలక్ట్రాన్లను పెద్ద వలయంలో తిప్పి పుట్టించే ఎక్స్‌రే అట. గాలి నిండే చిన్న చిన్న గదులు కూడా ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. పక్కనున్న ఓబులేసు, “ఈ మిషను మనకుంటే ఏ జబ్బూ దాగేది కాదు గదప్పా!” అన్నాడు. తలూపాను. కళ్ల ముందు మస్తాన్ నిలబడ్డాడు.

మైలవరం డ్యాములో చేపలు పట్టే మనిషి. రెండేళ్ల కిందట దగ్గుతో మా ఆసుపత్రికి వచ్చాడు. మెడలో వెండి తాయత్తు. తీయమంటే, “మాయమ్మ దర్గాలో కట్టించింది సార్, తీయను. పక్కకు జరుపుకుంటాలే” అన్నాడు. బయట శానామంది కాచుకొని ఉన్నారు. “సరే, కానీప్పా” అన్నాను. ఫిల్ములో ఊపిరితిత్తి పైభాగాన తెల్లటి మచ్చ పడింది. డాక్టరు అడిగితే, అది తాయత్తు నీడ సార్ అని నేనే చెప్పాను. ఆయన నమ్మాడు.

ఆర్నెల్లకు కడపలో తాయత్తు తీయించి మళ్లీ ఫిల్ము తీశారు. మచ్చ అక్కడే ఉంది, ఇంకా పెద్దదై. ఆ తర్వాత మస్తాన్ ఎక్కువ రోజులు బతకలేదు.

అంత గొప్ప మిషను ఉంటే బతికేవాడని ఇంటిదాకా నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం. తాయత్తు తీయించి ఇంకొక్క ఫిల్ము తీసి ఉంటే మా పాత మిషనే సరిపోయేది.

అతణ్ని ప్లేటుకు ఆనించి నిలబెట్టి “ఊపిరి బిగబట్టు” అన్నది గుర్తుంది. వదలమన్నానో లేదో, ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు.