చరిత్ర క్లాసు బెంచీ

మిట్టపల్లె,
1946 మార్చి.

చిరంజీవి ఆదిమూలానికి అమ్మ దీవించి, ఎవరి చేతా రాయించకుండా తానే కూర్చుని రాసే జాబు.

నేనూ నీ చెల్లెలు వరదమ్మా బాగున్నాం. ఎర్రావు పోయిన శుక్రవారం ఈనింది, పెయ్యదూడ. కోలారు గనుల దగ్గర నువ్వూ కోడలు మునిరత్నమ్మా బాగున్నట్టు నీ జాబు వల్ల తెలిసింది. బిడ్డకు దగ్గు పోలేదని రాశావు. తమలపాకు రసంలో తేనె కలిపి పొద్దున పూట నాకించమని కోడలికి చెప్పు. దుమ్ము వచ్చే వైపు కిటికీకి తడి గోనెపట్ట కట్టండి.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు చెప్తాను. బావి కింద చేను ఎవరికీ ఇవ్వలేదు. నేనే చేయిస్తున్నాను. వరదమ్మకు హాజరు చాలక పరీక్షకు పంపడం లేదని ఎవరో చెప్పారని రాశావు. అది సగం నిజం. మీ మేస్త్రీ ఓబయ్య సంగతి చివర రాస్తాను. ముందే రాస్తే మిగతాది నువ్వు చదవవు.

ఇంకొక మాట కూడా రాశావు. "బెల్లం షావుకార్లు పేరు కోసం పెట్టుకున్న కాలేజీ, దాంట్లో చదివితే ఏమొస్తుంది" అన్నావు. ఆ మాట నాకు నచ్చలేదు. ఆ కాలేజీ లేనప్పుడు మన పక్క పిల్లలు స్కూలు ఫైనలు అయ్యాక మదనపల్లెకో మద్రాసుకో పోవాలి. పోగలిగినవాళ్ళు పోయారు. నువ్వు పోలేక గనికి పోయావు. రెండేళ్ళు ముందు పెట్టి ఉంటే నీ సంగతి వేరుగా ఉండేది.

చిత్తూరికి కాలేజీ కావాలని ఎన్నిసార్లు అడిగినా దొరతనంవాళ్ళు పలకలేదు. అప్పుడు షావుకార్లూ ప్లీడర్లూ కమిటీగా చేరి డబ్బు వేసుకున్నారు, నిజమే. డబ్బు లేని ఊళ్ళు బండ్లు కట్టాయి. మీ నాయన ఆ వేసవంతా గుట్ట నుంచి రాళ్ళు తోలాడు. ఎద్దు గిట్ట చీలితే మూడోనాటికి లాడం కొట్టించి మళ్ళీ కట్టాడు. ఇంటరు వరకే ఉన్న చిన్న కాలేజీ. సగం పైకప్పు రేకులు. గట్టి వాన పడితే లెక్చరర్లు పాఠం ఆపి నిలబడి వానను చూస్తారు. వాళ్ళకు జీతాలు ఒక్కో నెల రావు. అయినా ఇప్పుడు మన ఫిర్కాలో ఉన్న బడిపంతుళ్ళూ తాలూకా కచేరీ గుమాస్తాలూ చాలామంది అక్కడ చదివినవాళ్ళే. నువ్వు వంక పెట్టే ముందు ఇది తెలుసుకో.

దానికి చెడ్డగుణం లేదని నేను చెప్పను. ఆ కాలేజీలో ఆడపిల్లలకు ఒక ఆచారం ఉంది. లెక్చరరు రాకముందు వాళ్ళు క్లాసులో కూర్చోకూడదు. వరండా చివర ఒక గది ఇచ్చారు. బెల్లు కొట్టాక లెక్చరరు ఆ గది దగ్గరకు వచ్చి నిలబడాలి. ఆయన వెనకాలే వీళ్ళు నడిచిపోయి ముందు బెంచీ మీద కూర్చోవాలి. పాఠం కాగానే ఆయన వెనకాలే తిరిగి గదికి రావాలి. ఒంటరిగా వరండాలో కనిపిస్తే జుల్మానా. పోయినేడు ఇద్దరు ఆడపిల్లలు ఉండేవాళ్ళు. ఆనందమ్మ అనే కాంపౌండరు కూతురు దసరాకు మానేసింది. మన వరదమ్మ ఒక్కతే మిగిలింది.

చరిత్ర చెప్పేది ప్రేమానందం అని నెల్లూరు వైపు ఆయన. మంచివాడు. తన పుస్తకాలు పిల్లలకు ఇచ్చి మళ్ళీ అడగడు. ఎవరికి ఇచ్చాడో ఆయనకు గుర్తుండదు. అంత మరుపు. చేతిలో పుస్తకం చదువుకుంటూ నేరుగా క్లాసులోకి పోయి తలుపు మూసి పాఠం మొదలుపెడతాడు. మన వరదమ్మ ఆ గదిలో కూర్చుని ఆయన కోసం చూస్తూ ఉంటుంది. అక్కడ పేరు పిలుస్తారు, పలకదు, రాలేదని రాస్తారు. ఇట్లా నెలలు జరిగాయి. నాతో చెప్పలేదు. చెప్తే చదువు మాన్పిస్తానని భయపడింది. పరీక్షకు పంపేది లేదని నోటీసు అంటించాక ఏడుస్తూ చెప్పింది.

మరునాడు చిత్తూర్లో ఇళ్ళకు పెరుగు పోయడం అయ్యాక నేరుగా కాలేజీ ఆఫీసుకు పోయాను. ప్రిన్సిపాలూ, ప్రేమానందం మాస్టరూ, కమిటీ పెద్ద గోవిందస్వామీ ఉన్నారు. బెల్లం మండీ గోవిందస్వామి నీకు తెలుసు. వాళ్ళింటికి పదేళ్ళుగా మన పెరుగే.

"ఏం మే కుప్పమ్మా, పెరుగు ఇంటికాడ పొయ్యాల గానీ ఆఫీసుకు తెచ్చినావే" అన్నాడు.

"పెరుగు మీ ఇంట్లోనే పోసినాను సామీ. ఈడికి బిడ్డ సంగతి అడిగేదానికి వచ్చినాను. రోజూ వస్తా ఉండే బిడ్డను రాలేదని ఎట్ల రాసినారు?"

"క్లాసులో లేదు గదమ్మా, మేమేం చేసేది" అన్నాడు ప్రిన్సిపాలు.

ప్రేమానందం మాస్టరు లేచి నిలబడ్డాడు. "తప్పు నాదండీ. నేనే ఆ గది దగ్గరకు పోవడం మరిచిపోతున్నాను" అన్నాడు. ఆ మాట అందరి ముందరా అన్నాడు. అందుకని ఆయన మీద నాకు కోపం లేదు.

పాతవి దిద్దడానికి వీల్లేదనీ, మద్రాసు యూనివర్సిటీకి లెక్క పోయిందనీ ప్రిన్సిపాలు చెప్పాడు. ఇక మీద చరిత్ర క్లాసు ఒక్కటి కూడా తప్పకపోతే హాజరు చాలుతుందన్నాడు.

"ఇంకేం మే, మాస్టరు మరిచిపోకుంటే సరి" అన్నాడు గోవిందస్వామి.

"ఆయన మరిచిపోతాడని ఆయనే చెప్తా ఉండాడు గదా సామీ. నా బిడ్డ ఇంక ఆ గదిలో కూర్చోదు. బెల్లుకు ముందే పోయి క్లాసులో కూర్చుంటాది."

"ఒంటరి ఆడబిడ్డ, అంతమంది మగపిల్లోళ్ళు. ఏమన్నా అయితే ఎవురు పూచీ? ఊరంతా నా మొగాన ఉమ్మేస్తారు. ఇది మేం కట్టిన కాలేజీ మే. మా మాటే జరగాల."

"మీరు కట్టినారు, కాదన్లేదు. గోడకు రాళ్ళు యాడినించి వచ్చినాయో కూడా చెప్పండి సామీ."

ఆయన ముఖం ప్రిన్సిపాలు వైపు తిప్పుకున్నాడు. నేనే అన్నాను: "పూచీ కావాల, అంతేగదా. నేను పూచీ. నేనూ పోయి దాని పక్కన కూర్చుంటా."

"నువ్వా? క్లాసులోనా?" అని కడుపు పట్టుకుని నవ్వాడు. ప్రిన్సిపాలు రూలు పుస్తకం తిరగేశాడు. తల్లి కూర్చోకూడదని దాంట్లో ఎక్కడా లేదు. ఎవరికీ తోచి ఉండదు.

"కూర్చో మే, ఎన్నాళ్ళు కూర్చుంటావో సూస్తా. నువ్వు లేచిన పొద్దు నీ బిడ్డా లేచి ఇంటికి పోవాల. దాని పేరు కొట్టేస్తాం. సరేనా?"

సరే అన్నాను. సర్కారు కాలేజీ అయి ఉంటే నన్ను బంట్రోతే బయట ఆపేసేవాడు. ఇది మనవాళ్ళు కట్టుకున్నది కాబట్టి బెల్లం షావుకారు దానికి రాజైనాడు. అందుకే పెరుగమ్మే మనిషి పోయి ఆయనతో పోట్లాడగలిగింది. మనవాళ్ళదైనందుకు ఉండే చెడూ మంచీ నేను రెండూ చూశాను.

అదీ నాయనా సంగతి. రెండు నెలలుగా మీ అమ్మ కాలేజీకి పోతోంది.

మొదటి రోజు వెనక బెంచీలో ఒకడు "పెద్దమ్మా, ఒక ముంత పెరుగు పొయ్యి" అన్నాడు. అందరూ నవ్వారు.

"ముంత తెచ్చినావా అప్పా? తెచ్చుంటే ఇట్ల ఇయ్యి. ఏ ఊరు మీది, మీయమ్మ పేరేంది? ఆమెనే దుడ్లు అడుగుతాలే" అన్నాను. వాడు తల దించుకున్నాడు. తరువాత ఎవరూ ఏమీ అనలేదు.

ప్రేమానందం మాస్టరు పాఠం ఇంగ్లీషులో చెప్తాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కూర్చోవడానికి అర్థం కావలసిన పని లేదు. బెంచీ సన్నది, మోకాళ్ళు పట్టేస్తాయి. ఒకరోజు పేర్లు పిలవడం అయ్యాక ఆయన, "అమ్మా, మీ పేరు కూడా రాసుకోమంటారా" అని అడిగాడు. "వద్దు సార్, మీరు దాని పేరు మరిచిపోకుంటే చాలు" అన్నాను.

గోవిందస్వామి ఇంట్లో పెరుగు మానేశారు. వాళ్ళను చూసి ఆ వీధిలో ఇంకా కొందరు మానేశారు. హాస్టలు వంటాయన ఇప్పుడు తీసుకుంటున్నాడు. నా మీద ప్రేమతో కాదు. మన పెరుగు గట్టిగా ఉంటుంది.

ఇక నువ్వు అడిగిన ఆఖరి సంగతి. "వాళ్ళ కొడుక్కు వరదమ్మను చూసేదానికి ఓబయ్య మేస్త్రీ, ఆయన పెండ్లాం అంత దూరం వచ్చి ఊరికే తిరిగి వచ్చారు. ఏం జరిగిందో చెప్పడం లేదు. నాతో మాట్లాడటం మానేశాడు. నువ్వు ఆ రోజు ఊళ్ళో లేవా?" అని రాశావు. ఊళ్ళో లేనని రాసి ఊరుకోవచ్చు. అది అబద్ధం కాదు. కానీ దాచుకోవడం నాకు ఇష్టం లేదు.

వాళ్ళు చెప్పకుండా వచ్చారు. ఇల్లు తాళం వేసి ఉంటే పక్కింటి తిరుమలమ్మ కాలేజీకి దారి చూపించింది. బెల్లు కొట్టారు, మాస్టరు ఇంకా రాలేదు. నేను బెంచీ మీద ఉన్నాను. ఆమె పూలూ పండ్లూ ఉన్న తట్ట పట్టుకుని క్లాసు వాకిట్లో నిలబడింది. వెనక ఓబయ్య. నీ పెండ్లిలో చూశాను కాబట్టి ఇద్దరినీ వెంటనే గుర్తుపట్టాను.

"ఏం వదినా, ఈడ కూర్చోనుండావు? బయటికి రా, మాట్లాడాల" అంది ఆమె. క్లాసంతా అటే తిరిగింది.

"క్లాసు అయినాక వస్తా వదినా. అంతదాకా ఆ చెట్టు కింద నీడలో కూర్చోండి" అన్నాను.

ఓబయ్య ముందుకు వచ్చాడు. "మాకు రైలు ఉండాదమ్మా. పిల్లను చూసేదానికి వచ్చి మేం చెట్టు కింద కాచుకోవాల్నా?"

"కాచుకోవాల, అన్నా. నేను లేస్తే దాని చదువు ఈ పొద్దుతో సరి."

"చదువు యాడికి పోతాది? లేచి రామ్మా."

వరదమ్మ నా చెంగు పట్టుకుని లాగింది. "అమ్మా, పో. అన్నకు చెడ్డపేరు వస్తాది. నాకు పరీక్ష వద్దులే" అని చెవిలో అంది. "నోరు మూసుకుని కూర్చో" అన్నాను.

వాళ్ళు తట్ట అట్లాగే పట్టుకుని పోయారు. వాళ్ళు మెట్లు దిగుతుంటే మాస్టరు పుస్తకం చదువుకుంటూ ఎదురువచ్చాడు. ఆయన వాళ్ళను చూడలేదు. పేర్లు పిలిచాడు. వరదమ్మ పలికింది. చివరి బెంచీ దాకా వినబడింది.

ఓబయ్య నీ పైవాడని నాకు తెలుసు. నీకు మంచి షిఫ్టు ఇప్పిస్తానన్న సంగతీ తెలుసు. అది ఇప్పుడు పోవచ్చు. తెలిసే కూర్చున్నాను. నువ్వు నన్ను తిట్టుకో, పడతాను. నీ చెల్లెలిని మాత్రం ఒక్క మాట అనవద్దు. అది లేవమనే చెప్పింది.

చరిత్ర క్లాసులు పోయిన వారంతో ముగిశాయి. హాజరు చాలింది. హాలు టికెట్టు వచ్చింది, సోమవారం నుంచి పరీక్షలు. మొన్న గోవిందస్వామి మనిషిని పంపించాడు. వచ్చే ఏడు ఆయన మనవరాలు కాలేజీలో చేరుతుందట, కుప్పమ్మ వచ్చి పక్కన కూర్చుంటుందేమో కనుక్కోమన్నాడట. "బెంచీ ఆడనే ఉండాది, వాళ్ళమ్మను పంపమను" అని చెప్పి పంపాను.

ఓబయ్య అడిగితే నువ్వు నీళ్ళు నమలవద్దు. మా అమ్మ మిమ్మల్ని చూసింది, గుర్తుపట్టింది, అయినా లేవలేదు అని చెప్పు. పిల్ల కావాలంటే పరీక్షలు అయ్యాక రమ్మను. ఈసారి చెప్పి రమ్మను.

ఇట్లు,
నీ అమ్మ
కుప్పమ్మ