ట్యాంకు నీళ్ల లెక్క

అమ్మా,

ఎలా ఉన్నావు? ఇక్కడ నేనూ నాన్నా బాగానే ఉన్నాం. ఎవరు బాగా లేరో తర్వాత రాస్తాను. ఫోన్ ఎప్పుడూ నాన్న జేబులోనే ఉంటుంది, అందుకే కాగితం మీద రాస్తున్నా. రేపు పొద్దున బస్సుకి నీ దగ్గరికే వస్తున్న పిన్ని చేతికిస్తాను.

కెమిస్ట్రీ లెక్కలు వస్తున్నాయా అని అడిగావు కదా. వస్తున్నాయి. రాకపోయినా బాగుండేది.

సార్ క్లోరిన్ లెక్క ఇచ్చి, "మీకు తెలిసిన ట్యాంకుతో చేసుకురండి" అన్నారు. మన ఇళ్లన్నింటికీ నీళ్లొచ్చే, నాన్న చూసుకునే ట్యాంకుతో చేశా. లక్ష లీటర్లు. లీటరుకి రెండు మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలి, అంటే మొత్తం రెండు వందల గ్రాములు. బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ నాలుగో వంతే, కాబట్టి పౌడర్ ఎనిమిది వందల గ్రాములు. మళ్లీ చేసి చూశా, కరెక్టే. నాన్న వేసేది గుప్పెడు. మిగిలిన పౌడర్ బస్తాలు లాండ్రీ షాపుకి అమ్ముడుపోతున్నాయి.

"ఇంత తక్కువేస్తే ఎలా నాన్నా?" అన్నా.

"నాలుగు లెక్కలు రాగానే నాకే పాఠాలా? నీ స్కూలు ఎలా నడుస్తోందనుకున్నావే?" అన్నాడు.

కింద ఇంటి ఆంటీ వాళ్ల బుజ్జిగాడికి వాంతులు, విరేచనాలు. హాస్పిటల్లో ఉన్నాడు.

ఇంతసేపూ రాయకుండా దాచింది ఇదీ. ఎవరింటి నీళ్లు వాళ్లు తెస్తే టెస్ట్ చేస్తానన్నారు సార్. నాన్న దొరికిపోతాడనిపించింది. ఎనిమిది గ్రాముల పౌడర్ లీటరు నీళ్లలో కలిపి, అందులోంచి దగ్గుమందు సిరంజితో ఒక్క ఎమ్ఎల్ తీసి, ఇంటి నీళ్లు పట్టిన నా లీటరు సీసాలో వేశా. క్లాసులో సార్, క్లోరిన్ ఉంటే పసుపు రంగు చూపించే మందు చుక్కలు వేయగానే నీళ్లు చక్కగా పసుపు రంగుకి తిరిగాయి. "నీళ్లంటే ఇవీ. మీ నాన్నగారికి నా థాంక్స్ చెప్పమ్మా" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

నిన్న ఆంటీ మెట్ల మీద ఆపింది. "మన నీళ్లు బాగున్నాయటగా తల్లీ? నేనో పిచ్చిదాన్ని, బుజ్జిగాడు పడకేసినప్పట్నుంచి ఊరికే కాచి కాచి గ్యాస్ తగలేస్తున్నా. మానేశాలే" అంది.

నేను తలూపాను అమ్మా.

ఈ పొద్దున వాళ్ల పాపకి కూడా మొదలైంది.

ఇది మడిచి కిందకి వెళ్తున్నా, ఆంటీకి చెప్పడానికి. నాన్న ఉద్యోగం పోతుందని తెలుసు. కొడతాడనీ తెలుసు. నువ్వు మాత్రం నాన్నకి ఫోన్ చేసి ఏమీ అనకు. ఆయనకి కింద నుంచే తెలుస్తుంది.

ఇట్లు,
తిట్టుకున్నా నీ కూతుర్నే