కడుపుకోతకు సీసా మందు

శ్రావణ బహుళ పంచమి, గురువారం. నరసాపురం.

ఒళ్ళు ఇంకా మండిపోతూనే ఉంది.

రెండేళ్ళుగా ఈ పాదిరీ దొరకు తెలుగు చెబుతున్నాను. ఆయనకు కడుపంటే ఏమిటో తెలుసు, కోతంటే ఏమిటో తెలుసు. ఆ రెండూ కలిస్తే బిడ్డను పోగొట్టుకున్న తల్లి దుఃఖమని ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కలేదు.

మొగల్తూరు నుంచి చేపలు తెచ్చే పోలమ్మ కొడుకు మొన్న పడవ తిరగబడి పోయాడు. ఇవాళ ఆవిడ బంగళా మెట్ల మీద కూలబడి, "కడుపుకోతండి దొరగారూ, తట్టుకోలేకపోతన్నానండి" అంది. ఆయన గబగబా లోపలికి వెళ్ళి అజీర్తి మందు సీసా తెచ్చి, "పూటకొక చెంచా తాగుము" అని చేతిలో పెట్టాడు!

పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పాను. సిగ్గుపడతాడనుకున్నాను. తిరిగి నా మీదే విసుక్కున్నాడు. "మీ వాళ్ళు ఉన్నమాట ఉన్నట్టు చెప్పరేమి, మున్షీగారూ?"

ఇక ఆగలేకపోయాను. "మీ ప్రభువును గొర్రెపిల్ల అంటారు కదండీ. ఆయనకు బొచ్చుందాండీ?"

దొర ముఖం జేవురించింది. రేపు మెట్లెక్కనిస్తాడో లేదో. ఎక్కనివ్వకపోతే పీడా పోయె, అనుకోవడానికి బాగానే ఉంది గానీ, ఇంట్లో ఏమని చెప్పను...

గేటు దాటబోతుంటే పోలమ్మ ఇంకా అక్కడే నిలబడి ఉంది. సీసాను కొంగున భద్రంగా ముడేసుకుంది.

"పంతులుగారూ, ఇది తాగితే నిజంగా తగ్గుద్దాండీ?"