ఫ్యాను లేని కార్డు

గిద్దలూరు

ప్రసన్నక్కా,

నువ్వు ఏరికోరి పంపిన గ్రాఫిక్స్ కార్డును ఈ ఉత్తరంతో పాటు ఒంగోలు బస్సులో తిరిగి పంపుతున్నాను. కోప్పడకు. కార్డులో ఏ లోపమూ లేదు. నా లినక్స్ కంప్యూటర్ డ్రైవర్ల గొడవ లేకుండా దాన్ని వెంటనే గుర్తుపట్టింది, మూడు మానిటర్లూ వెలిగాయి. రెండింటి మీద నా మ్యాపుల పని చేసుకుంటూ, మూడోదాన్ని నాయన మంచం వైపు తిప్పాను. కొమరోలు చేలో పెట్టిన కెమెరా చూపించేదంతా ఆయనకు అందులో కనిపిస్తుంది.

పక్షవాతం వచ్చినప్పటి నుంచి మీ చిన్నాయనకు అదే కాలక్షేపం. కందిచేలో అడవిపందులు పడితే నన్ను పిలుస్తాడు, నేను చేను పక్కనుండే మాలకొండయ్య మామకు ఫోన్ చేస్తాను. నాయన గొంతు ఎంత సన్నబడిపోయిందో నీకు తెలియదక్కా. మొన్న ఈ కార్డు ఫ్యాన్ల హోరులో ఎంత పిలిచినా నాకు వినపడలేదు. నేను తిరిగి చూసేసరికి చేను ఒక మూలంతా నేలమట్టమై ఉంది. ఆయన కళ్ల నిండా నీళ్లు.

అందుకని ఫ్యానే లేని చిన్న కార్డు ఏదైనా చూడు. మూడు మానిటర్లు తగిలించుకునే వీలుంటే చాలు. పని నిదానమైనా సర్దుకుంటాను.

నిన్న ఈ కార్డు తీసేయగానే నాయన మానిటర్ ఆరిపోయింది. కాసేపటికి "అమ్మాయ్" అని సన్నగా వినపడింది. పరుగెత్తాను.

"ఏంది నాయనా, చేను కనపడట్లేదనా?"

"అది కాదులేమ్మా. నీకు ఇనపడతాదో లేదో అని పిలిచినా."

నీ చెల్లెలు